ఈశాన్యం పల్లంగా ఉంది

ఇల్లు చూడటానికి వెళ్తే మనవాళ్ల ఫోన్లలో ముందు తెరుచుకునేది కంపాస్. నేనూ అంతే. 2022 ఎండాకాలంలో డాలస్ పక్కన ప్లేనోలో పదిహేడు ఇళ్లు చూశాం. తూర్పు వాకిలి లేదని కొన్ని, తలుపు తీయగానే మెట్లు ఎదురొచ్చాయని కొన్ని, పొయ్యి ఆగ్నేయంలో లేదని మరికొన్ని వదిలేశాం. పద్దెనిమిదో ఇంటికి అన్నీ కుదిరాయి. 1998లో కట్టినది. తూర్పు ముఖం, విశాలమైన పెరడు, ఈశాన్యం మూల ఇంటికి ఆనుకుని నీడనిచ్చే పెద్ద ఓక్ చెట్టు.

నాన్న అప్పుడు మా దగ్గరే ఉన్నారు. మేమంతా లోపల వంటగది చూసి మురిసిపోతుంటే ఆయన బయటే గోడ పక్కన గొంతుక్కూర్చున్నారు. పునాదికీ మట్టికీ మధ్య రెండు వేళ్లు దూరేంత సందు. మట్టిపెళ్ల ఒకటి తీసి చిదిమి, "ఏరా, ఇది మన రేగడే కదా! దీంట్లో పత్తి వేస్తారు గానీ ఇల్లు కడతారా?" అన్నారు.

నవ్వేశాను. నిజంగానే రేగడి అని తర్వాత చదివితే తెలిసింది. డాలస్ దాటి శాన్ ఆంటోనియో వైపు పరుచుకున్న ఈ నల్లమట్టిదీ మా గుంటూరు వైపు నల్లరేగడిదీ ఒకటే జాతి, రెండూ మట్టి శాస్త్రంలో వర్టిసాల్స్ అనే రకమే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఇక్కడ కూడా ఒకప్పుడు విరగపండింది పత్తే. ఇప్పుడు ఆ మట్టి మీదే కాంక్రీటు పలక పోసి, దాని మీద చెక్క ఇల్లు నిలబెడుతున్నారు. మట్టి కదిలితే పలకా కదులుతుంది.

మా ఆఫర్ ఒప్పుకున్నారు. టెక్సస్‌లో ఆప్షన్ పీరియడ్ అని ఒకటి ఉంది. అమ్మేవాళ్లకు కొంత డబ్బు కట్టి గడువు కొనుక్కోవడమన్నమాట. ఆ గడువులోపు కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు. అడ్వాన్సు వెనక్కి వస్తుంది, ఆప్షన్ ఫీజు మాత్రం పోతుంది. మాకు ఏడు రోజులు, 300 డాలర్లు. అంతకు ముందు ఏడాది, ఇళ్ల కోసం జనం ఎగబడిన రోజుల్లో, మా స్నేహితులు కొందరు, కొనేముందు నిపుణుడితో ఇంటిని పరీక్ష చేయించే ఇన్‌స్పెక్షన్ కూడా వద్దనుకుని కొనేశారు. మా ఏజెంటు తెలుగబ్బాయే. "అన్నా, అది మాత్రం మానొద్దు" అన్నాడు. ఇల్లు అమ్ముడైతేనే అతనికి కమీషన్. అయినా చెప్పాడు.

ఇన్‌స్పెక్టరు నాలుగు గంటలు ఉన్నాడు. ఆగస్టు ఎండలో అటక ఎక్కాడు. ఇక్కడ చాలా ఇళ్లలో వాటర్ హీటర్ అటక మీదే ఉంటుంది. దాని కింద పళ్లెం తుప్పు పట్టిందన్నాడు. పైకప్పు మీద వడగళ్ల దెబ్బలు ఫొటోలు తీశాడు. ఇవన్నీ డబ్బు పెడితే తీరేవి. ఆ తర్వాత ఒక పడగ్గది తలుపు మూసి చూపించాడు, చట్రంలో సరిగ్గా కూర్చోలేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక పగులు, దాని మీద కొత్త పెయింటు. అదే గదిలో రెండుసార్లు నిలబడి తల ఎటు పెట్టి పడుకోవాలా అని ఆలోచించిన మనిషిని నేను, ఆ పగులు నా కంట పడలేదు. చివరికి ఎత్తుపల్లాలు కొలిచే పరికరం పట్టుకుని గదిగదీ తిరిగాడు. ఈశాన్యం మూల అంగుళంన్నర దిగింది.

"ఈశాన్యం పల్లంగా ఉంటే మంచిదేగా" అంది మా ఆవిడ. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

స్ట్రక్చరల్ ఇంజనీరును విడిగా పిలిపించాం. ఆయన చెట్టు వైపు చూపించాడు. వేసవిలో వేర్లు మట్టిలో తడి అంతా లాగేస్తే అక్కడ మట్టి ముడుచుకుపోతుందట. ఆ పక్కంతా పునాది కింద స్తంభాలు దించాలన్నాడు. "ఈశాన్యంలో పెద్ద చెట్టు ఉండకూడదని పెద్దలు ఊరికే అన్నారా?" అని నాన్న అందుకున్నారు. పొద్దున్నుంచీ ఆ చెట్టు కిందే కుర్చీ వేసుకుని కూర్చున్నారన్న సంగతి నేను గుర్తు చేయలేదు.

బాగు చేయించమంటే అమ్మేవాళ్లు కుదరదన్నారు. అడిగిన ధరా తగ్గించలేదు. ఆరో రోజు సాయంత్రం తప్పుకున్నాం. ఆప్షన్ ఫీజు, ఇన్‌స్పెక్షన్, ఇంజనీరు అన్నీ కలిపి 1,450 డాలర్లు పోయాయి. నాన్న డాలరుకు ఎనభై చొప్పున లెక్క కట్టి, "లక్షా పదహారు వేలు. పోనీలే, దక్షిణ ఇచ్చావనుకో" అన్నారు.

మరుసటి ఏడు కొన్నది పడమర వాకిలి ఇల్లు. నేల సమంగా ఉంది. జూలై, ఆగస్టుల్లో పునాది చుట్టూ చిల్లుల గొట్టం పరిచి సన్నగా నీళ్లు వదులుతుంటాను. తడి ఒకే తీరున ఉంటే రేగడి అంతగా కదలదు. ఆ రెండు నెలలూ ఊరి నుంచి నాన్న ఫోన్ చేస్తే ముందు పిల్లల గురించి అడగరు.

"ఇంటికి తడి పెట్టావా?"