బీబీసీ మైక్రో, స్పెక్ట్రమ్ సాఫ్ట్‌వేర్ సీడీ: ఇప్పటిదాకా అయిన పని

1980ల నాటి బీబీసీ మైక్రో, స్పెక్ట్రమ్ కంప్యూటర్లు వాడేవాళ్లకు వాటి ప్రోగ్రాములను పంచడానికి మొదలుపెట్టిన సీడీల పని సగం దాటింది. బీబీసీ భాగం దాదాపు అయిపోయింది. స్పెక్ట్రమ్ క్యాసెట్లే మిగిలాయి.

బీబీసీ ఫ్లాపీలు విశాఖ ఎంవీపీ కాలనీలో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారివి. స్కూళ్లలో కంప్యూటర్ నేర్పడానికి 1984లో మొదలైన క్లాస్ ప్రాజెక్టు కింద మన స్కూళ్లకు వచ్చిన మెషీన్ ఈ బీబీసీ మైక్రోనే. మాస్టారు బేసిక్ భాషలో రాసుకున్న లెక్కల ప్రోగ్రాములు, క్విజ్‌లు వాటిలో ఉన్నాయి. "సముద్రం గాలికి ఇనుమే ఆగదు, ఇవెంత బాబూ" అంటూ డబ్బా నా చేతిలో పెట్టారు. అన్నట్టే, చాలావాటికి బూజు పట్టింది.

బూజు పట్టిన ఫ్లాపీని అలాగే డ్రైవ్‌లో పెట్టకండి. బూజు డ్రైవ్‌లో ఫ్లాపీని చదివే హెడ్‌కి అంటుకుని, తర్వాత పెట్టిన ఫ్లాపీని కూడా గీకేస్తుంది. కవరు ఒక అంచు కత్తిరించి, లోపలి బిళ్ళను తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. పూర్తిగా ఆరాక వేరే పాత కవర్లో పెట్టి చదివించాలి. నేను ప్రతి ఫ్లాపీ తర్వాతా హెడ్ తుడుస్తున్నాను. విసుగే, కానీ తప్పదు.

చదవడానికి వాడేది గ్రీజ్‌వీజిల్ బోర్డు, ఫ్లాపీ డ్రైవ్‌ని యూఎస్‌బీ ద్వారా పీసీకి కలిపేది. ఈ ఫ్లాపీలు సింగిల్ డెన్సిటీ అనే పాత పద్ధతిలో రాసినవి, చాలా పీసీల్లోని ఫ్లాపీ కంట్రోలర్ చిప్పులు వాటిని చదవలేవు. 80 ట్రాకుల (డేటా రాసే వలయాల) ఫ్లాపీ ఒక వైపు మొత్తానికి నకలుగా 200 కేబీల ఎస్‌ఎస్‌డీ ఫైలు అవుతుంది. 40 ట్రాకులదైతే, 80 ట్రాకుల డ్రైవ్‌లో ట్రాకు విడిచి ట్రాకు చదవమని చెప్పాలి. ప్రోగ్రాములను విడి ఫైళ్లుగా ఇవ్వమని ఒకరిద్దరు అడిగారు. నేను ఒప్పుకోలేదు. ప్రతి ఫైలూ మెమరీలో ఎక్కడికి లోడ్ అవ్వాలో, ఎక్కడి నుంచి నడవాలో ఫ్లాపీ కేటలాగులోనే ఉంటుంది. ఉత్త ఫైలుగా బయటికి తీస్తే ఆ సమాచారం పోతుంది.

సీడీలో ఫైళ్లు అమర్చడానికి ఐఎస్‌ఓ 9660 అనే ప్రమాణంలో లెవెల్ 1 ఎంచుకున్నాను. పేర్లు 8 అక్షరాలు, ఎక్స్‌టెన్షన్ 3, అంతే. చూడ్డానికి మొరటుగా ఉన్నా విండోస్‌కి ముందటి డాస్ పీసీలో కూడా తెరుచుకుంటుంది. 700 ఎంబీలో ఇలాంటి 200 కేబీల ఫైళ్లు మూడు వేలకు పైగా పడతాయి, మన దగ్గర అన్ని లేవు. అందుకే అదే సేకరణను రెండు ఫోల్డర్లలో పెట్టాను, ఒకచోట గీత పడినా రెండోది మిగులుతుంది. ఫైలు చెడిపోలేదని సరిచూసుకోవడానికి ప్రతి ఫైలు ఎండీ5 సంకేతం కూడా ఒక టెక్స్ట్ ఫైల్లో ఉంది. విండోస్ 98లో తెలుగు సరిగా కనబడదు కాబట్టి, వాడే విధానాన్ని తెలుగులో రాసి బొమ్మ ఫైలుగా చేర్చాను. మళ్లీ మళ్లీ రాయగల సీడీ-ఆర్‌డబ్ల్యూ వద్దు, పాత డ్రైవ్‌లు కొన్ని దాన్ని చదవవు.

కంపెనీలు అమ్మిన గేములు ఇందులో ఉండవు. సొంతంగా రాసినవి, రాసినవాళ్లు పంచుకోమన్నవి మాత్రమే.

స్పెక్ట్రమ్ ప్రోగ్రాములు క్యాసెట్లో శబ్దంగా ఉంటాయి కాబట్టి, దానికి విడిగా ఆడియో సీడీ చేస్తాను. సీడీ ప్లేయర్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి కంప్యూటర్ ఇయర్ సాకెట్‌కి వైరు కలిపితే క్యాసెట్ లేకుండానే లోడ్ అవుతుంది. బ్రిటన్‌లో కోడ్‌మాస్టర్స్ అనే గేముల కంపెనీ 1989లోనే 30 గేములను ఆడియో సీడీ మీద అమ్మింది. 48కే ప్రోగ్రాముకి అయిదు నిమిషాల దాకా పడుతుంది కాబట్టి 80 నిమిషాల సీడీలో పదహారు దాకా పడతాయి.

మచ్చుకి బీబీసీ సీడీలు గాజువాకకి ఒకటి, విజయనగరానికి ఒకటి పంపాను. గాజువాకలో చదివింది. విజయనగరం నుంచి కబురు రావాలి, అక్కడి డ్రైవ్ మరీ పాతది.