రెండు ఇలియంలు

తిరుపతిలో ఒక చిన్న ప్రెస్సులో డీటీపీ, ప్రూఫులు చూడటం నా పని. పోయిన సంవత్సరం రిటైరైన నర్సింగు టీచరమ్మ ఒకరు తెలుగు మీడియం పిల్లల కోసం వైద్య పదాల పుస్తకం తెచ్చారు. ఇంగ్లిష్ అక్షరాలు చూస్తే పిల్లలు బెదిరిపోతారని పదాలన్నీ తెలుగు లిపిలోనే వేయమన్నారు.

మొదటి ఫారం, 16 పేజీలు, అచ్చయిపోయాక కంటబడింది: "ఇలియం: తుంటి ఎముక పైభాగం. ఆహారం చివరగా ఇక్కడ అరుగుతుంది." ఎముకలో అన్నం అరగడమేంటి? ప్రూఫు చూసింది నేనే మరి!

మేడమ్‌కు ఫోన్ చేస్తే, "మూడు గైడ్లలో అట్లే ఉంది నాయనా" అన్నారు. ఆ మూడూ తెప్పించుకున్నా. మూడింట్లోనూ అదే వాక్యం, 'పైభాగం' బదులు 'పైభంగం' అని అదే అచ్చుతప్పు. ఒకరు రాస్తే మిగతా ఇద్దరూ చూసి ఎక్కించుకున్నారన్నమాట.

ఎస్వీ మెడికల్ కాలేజీలో అనాటమీ చెప్పే డాక్టరు గారొకరు తెలుసు. ఆయన తన నడుం పక్కన చెయ్యి పెట్టుకుని, "ఇదొక ఇలియం, ఎముక" అన్నారు. పొట్ట కింద కుడివైపు నొక్కి, "ఇక్కడ పెద్దపేగులో కలిసేది ఇంకో ఇలియం, చిన్నపేగు చివరి భాగం" అన్నారు. ఇంగ్లిష్‌లో నడిమి అక్షరం తేడా: ఎముకకు ఐ, పేగుకు ఈ. తెలుగులో రాస్తే ఆ తేడా కూడా పోయింది.

నా టెన్షన్ చూసి వెబ్‌స్టర్ నిఘంటువు సంగతి చెప్పారు. సాంద్రతకు గుర్తుగా పెద్ద డి గానీ చిన్న డి గానీ వాడొచ్చని ఒక చీటీలో ఉంటే, ఆ 'డి ఓర్ డి'ని కలిపి చదివి 'డోర్డ్' అనే కొత్త పదంగా 1934 ముద్రణలో వేసేశారట. 1939 దాకా అక్కడి సంపాదకులు పట్టుకోలేదు.

కాస్త ధైర్యమొచ్చింది. మిగిలిన ఫారాల్లో ఇలియం అన్నచోటల్లా 'చిన్నపేగు చివరి భాగం' అని ఒకే దెబ్బకు మార్చేశా. ఎముకల పేజీ తీస్తే, "కింద పడితే చిన్నపేగు చివరి భాగం విరగవచ్చు" అని ఉంది. మళ్లీ మొదటికొచ్చి, రాత్రి పదకొండు దాకా ఒక్కో చోటూ చదివి 'ఇలియం ఎముక', 'ఇలియం పేగు' అని విడదీశా.

అచ్చయిపోయిన ఫారానికి తప్పొప్పుల పట్టిక అతికించడమే దారి. పొద్దున్నే మేడమ్ స్వయంగా రాసి పంపారు:

"ఇలియం అని ఉన్నచోట ఇలియం అని చదువుకోవలెను."