అకాడమీ దాటాక ఏంటి? సీడీఎస్ రాసే అనంతపురం మిత్రులకు

సీడీఎస్ అంటే డిగ్రీతో త్రివిధ దళాల్లో ఆఫీసరు కావడానికి యూపీఎస్సీ పెట్టే పరీక్ష. దాని దరఖాస్తులో ఐఎంఏ (ఇండియన్ మిలిటరీ అకాడమీ), నేవల్ అకాడమీ, ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, ఓటీఏ (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ)... ఏది ముందో ఏది వెనకో వరుస రాయమంటారు కదా, మనోళ్లలో చాలామంది ఆ వరుసను నెట్ సెంటర్ అన్నకే వదిలేస్తారు. రాత పరీక్ష దాటాక జరిగే నా ఎస్ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూ మాత్రం సగం సేపు దాని మీదే నడిచింది. బెంగళూరు ఎస్ఎస్‌బీలో రికమెండ్ అయ్యాను, అంటే బోర్డు నన్ను సిఫారసు చేసింది, మెడికల్ కూడా అయిపోయింది, ఇప్పుడు మెరిట్ లిస్టు కోసం ఎదురుచూస్తున్నా. కాబట్టి ఆఫీసరు సలహాగా కాదు, తోటి అభ్యర్థి మాటగా చదవండి.

రాత పరీక్ష గురించి క్లుప్తంగా చెప్పేస్తా. ఇంగ్లిష్, జీకే, మ్యాథ్స్ ఒక్కోటి 100 మార్కులు, రెండేసి గంటలు. ఓటీఏకి మ్యాథ్స్ అక్కర్లేదు. తప్పు జవాబుకు మూడో వంతు కోత. పేపర్ తెలుగులో ఉండదు కాబట్టి తెలుగు మీడియం వాళ్లు రోజూ ఒక ఇంగ్లిష్ సంపాదకీయం పైకి చదవండి, ఎస్ఎస్‌బీ గ్రూప్ డిస్కషన్‌లో నోరు పెగలడానికి కూడా అదే పనికొస్తుంది.

ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పొద్దున్నే పరిగెత్తే వాళ్లను అడగండి. కానిస్టేబుల్, ఎస్సై, అగ్నివీర్ గురించి ఎత్తు, ఛాతీ కొలతలతో సహా చెప్తారు. డిగ్రీతో లెఫ్టినెంట్ అవ్వొచ్చంటే మాత్రం "అది మనకు రాదులేప్పా" అంటారు. మన దగ్గర కొరత తెలివికి కాదు, ఈ సమాచారానికే.

డెహ్రాడూన్ ఐఎంఏలో డిగ్రీ వాళ్లకు శిక్షణ ఏడాదిన్నర, వచ్చేది పర్మనెంట్ కమిషన్, అంటే రిటైర్మెంటు దాకా ఉద్యోగం. చెన్నై ఓటీఏలో 49 వారాలు, వచ్చేది షార్ట్ సర్వీస్, అంటే ముందు పదేళ్ల ఉద్యోగం. పదేళ్లయ్యాక పర్మనెంట్ అడగొచ్చు, ఇంకో నాలుగేళ్లు పొడిగించుకోవచ్చు, లేదా బయటికి రావచ్చు. ఎటు వెళ్లినా మొదటి ర్యాంకు లెఫ్టినెంటే. బేసిక్ 56,100, దాని మీద మిలిటరీ సర్వీస్ పే 15,500. రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కల్నల్. అక్కడి దాకా సర్వీసును బట్టి వస్తుంది, కల్నల్ మాత్రం బోర్డు ఎంపిక చేస్తుంది. అక్కడే చాలామంది ఆగిపోతారు.

పాసవుట్ అయ్యే ముందు ఇన్‌ఫాంట్రీనా, ఆర్టిలరీనా, సిగ్నల్స్‌నా అని కోరిక అడుగుతారు. కోరికతో పాటు మెరిట్, ఖాళీలు కూడా చూస్తారు. ఇంజినీర్స్, సిగ్నల్స్, ఈఎంఈ (సైన్యం వాహనాలు, యంత్రాల మరమ్మతు చూసే విభాగం) ఆఫీసర్లకు పుణె, మౌ, సికింద్రాబాద్ కాలేజీల్లో ఎంటెక్ చేసే దారి ఉంది. మేజర్ అయ్యాక ఆఫీసర్లకు పైస్థాయి శిక్షణ ఇచ్చే వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీకి పోటీ పరీక్ష. యూనిఫాం వేసుకున్నాక చదువు ఉండదనుకునే వాళ్లకు ఇది చెప్పాలి.

నేను ఐఎంఏ తర్వాత ఓటీఏ రాశా. నేవీకి ఇంజినీరింగ్ కావాలి, నాది బీకాం. "ఓటీఏ ఒక్కటే వస్తే చేరతావా? చేరితే పదేళ్ల తర్వాత ఏం చేస్తావు?" అన్నాడు ఇంటర్వ్యూ చేసిన ఆఫీసరు. చెనిక్కాయలు వొలుస్తూ మా అమ్మ అంతకుముందే అడిగేసింది: "పదేండ్లకు ఇంటికొచ్చేస్తే ఏం తింటావు నాయనా?" అమ్మ కోసం వెతికి పెట్టుకున్న జవాబే అక్కడ చెప్పా. షార్ట్ సర్వీస్‌తో బయటికొస్తే పింఛను రాదు, గ్రాట్యుటీ వస్తుంది. కనీసం ఐదేళ్లు చేసిన షార్ట్ సర్వీస్ ఆఫీసర్లకు సివిల్స్ వయోపరిమితిలో ఐదేళ్ల సడలింపు ఉంది. సర్వీసు వదిలే వాళ్లకు బయట దారి చూపే రీసెటిల్‌మెంట్ డైరెక్టరేట్ ద్వారా ఐఐఎంలలో మేనేజ్‌మెంట్ కోర్సు చేయొచ్చు. నేను లాజిస్టిక్స్ వైపు వెళ్తానన్నా. "మరి పర్మనెంట్ ఇస్తే?" అన్నాడు. ఉండిపోతానన్నా. అది మాత్రం వెతికి పెట్టుకున్న జవాబు కాదు.

జేఎన్‌టీయూలో బీటెక్ చేస్తున్న వాళ్లూ, మీకు టీజీసీ (టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సు), ఎస్ఎస్‌సీ టెక్ (ఇంజినీర్లకు షార్ట్ సర్వీస్) అని రాత పరీక్ష లేని దారులున్నాయి. మార్కులు చూసి నేరుగా ఎస్ఎస్‌బీకి పిలుస్తారు. మెడికల్‌కు భయపడి ఆగకండి, కానీ పళ్లు, చెవులు ముందే డాక్టరుకు చూపించుకోండి. బెంగళూరు వెళ్లేటప్పుడు టికెట్ పారేయొద్దు. సీడీఎస్, టీజీసీ లాంటి ఒక్కో ఎంట్రీలో మొదటిసారి ఎస్ఎస్‌బీకి వెళ్లేవాళ్లకు దారి ఖర్చు తిరిగి ఇస్తారు.