పై గది వేడి తగ్గించే పని: ఆరు వారాల లెక్క

మొదటి వారం

ఈ వారం కొలతలే. పై గదిలో మధ్యాహ్నం కంటే రాత్రి తొమ్మిదింటికే ఉక్క ఎక్కువ. పోయిన వేసవిలో తప్పంతా కిటికీలదే అనుకుని మందపాటి కర్టెన్లు కట్టాను, ఫలితం సున్నా. ఈసారి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో (తాకకుండా, దూరం నుంచే వేడి కొలిచేది) మొదలుపెట్టాను.

మధ్యాహ్నం రెండింటికి డాబా పైన 59 డిగ్రీలు, గదిలో శ్లాబు అడుగున 37. రాత్రి ఎనిమిదింటికి పైన 36కి దిగింది, అడుగున మాత్రం 42! ఐదంగుళాల కాంక్రీటు పగలంతా ఎండ తాగి, ఆ వేడిని గంటల తరబడి నిదానంగా కిందికి దించుతోంది. నేను పడుకునే వేళకి అది సరిగ్గా నా నెత్తి మీదికి చేరుతోంది. గోడల్లో పడమటిది ఒక్కటే 38, మిగతావి 35 లోపే. కాబట్టి ముందు శ్లాబు సంగతి చూడాలి.

రెండో వారం

ఎండని తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింటు, రెండు పూతలు. పెయింటు వేయడం కంటే ముందు చేసే పనే ఎక్కువ: నాచు గీకడం, కడగడం, పగుళ్లు పూడ్చడం, పూర్తిగా ఆరనివ్వడం. కాలే శ్లాబు మీద వేస్తే పెయింటు పట్టకముందే ఎండిపోతుంది. అందుకని తెల్లవారుజామున ఒక కోటు, మర్నాడు అడ్డంగా రెండోది వేశాను. చలువ కళ్లద్దాలు లేకుండా ఇప్పుడు డాబా మీద నిలబడలేం.

మధ్యాహ్నం పైన 44, రాత్రి అడుగున 38. పెట్టిన శ్రమకి ఇంత లాభం ఇంకే పనిలోనూ రాలేదు. కాకపోతే దుమ్ము పట్టేకొద్దీ తెలుపు పనితనం తగ్గుతుంది, అప్పుడప్పుడు కడుగుతుండాలి.

మూడో వారం

ఇది నా తెలివితక్కువ వారం. మెరిసే రేకు షీటు వేడిని తిప్పికొడుతుందని చదివి, గదిలో శ్లాబు అడుగున మీటరు మేర అంటించాను. థర్మామీటరు 32 చూపించింది. ఒక రోజంతా సంబరం. తర్వాత తెలిసింది, మెరిసే రేకు మీద ఆ థర్మామీటరు చూపేది రేకు వేడిని కాదు, రేకులో ప్రతిఫలించే నేల వేడిని. చిన్న మాస్కింగ్ టేపు ముక్క అంటించి దాని మీద కొలిస్తే 38. పైగా దాని కింద జిప్సం బోర్డు ఖాళీ లేకుండా బిగించేశాను. రేకు మెరిసే వైపు కనీసం రెండు సెంటీమీటర్ల గాలి ఖాళీ లేకపోతే అది ఉత్త లోహం, వేడిని హాయిగా దాటిస్తుంది. పీకేశాను.

నాలుగు, ఐదు వారాలు

ఇన్సులేషన్ లోపల అంటించాలా, పైన పరచాలా? పైన పరిస్తే శ్లాబే వేడెక్కదు. లోపల అయితే నురుగు షీట్లకి నిప్పు భయం కూడా ఉంది. పైనే వేద్దామనుకుని 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ (గట్టి నురుగు) షీట్లు తీసుకున్నాను. కాంక్రీటుతో పోలిస్తే ఇది వేడిని యాభయ్యో వంతే దాటనిస్తుంది, అంటే రెండు మీటర్ల పైచిలుకు కాంక్రీటుకి సమానం! థర్మోకోల్ కూడా పనిచేస్తుంది గానీ నీళ్లు ఎక్కువ పీలుస్తుంది, కాలి కింద తొందరగా నలుగుతుంది.

షీట్లను అలాగే వదిలేస్తే ఎండకి పొడిపొడి అవుతాయి, గాలికి లేస్తాయి. పైన కాంక్రీటు పొర తప్పదు. 40 మి.మీ. పొర అన్నా చదరపు మీటరుకి 90 కిలోల పైనే బరువు. అందుకే ఇంజనీరుకి చూపించి, ఆయన సరేనన్నాకే మొదలుపెట్టాను. ఈ ఒక్క మెట్టు మాత్రం ఎవరూ దాటేయొద్దు.

ముందు వాటర్‌ప్రూఫింగ్, దాని మీద షీట్లు (అతుకులు ఒకే వరసలో రాకుండా, టేపు వేసి), తర్వాత ప్లాస్టిక్ షీటు, సన్నటి వైరు మెష్, ఆపైన కాంక్రీటు. పడకగది గోడలు దాటి అరమీటరు దాకా పరిచాం, పక్క నుంచి కూడా వేడి పాకుతుంది కాబట్టి. రెండో వారంలో వేసిన పెయింటు వీటన్నిటి కింద సమాధి అయింది. కొత్త పొర మీద మళ్లీ రెండు పూతలు. వరస ముందే ఆలోచించుకుని ఉంటే ఆ తెల్లవారుజాములు మిగిలేవి.

ఆరో వారం

రాత్రి ఎనిమిదింటికి అడుగున 34. పడమటి కిటికీకి బయట వైపు తెర కట్టాను. లోపల కర్టెన్ అయితే, ఎండ అద్దం దాటి గదిలోకి వచ్చేశాక ఆపుతున్నట్టు. కిటికీలు ఇప్పుడు గడియారం చూసి కాదు, బయటి వేడి గదికంటే తగ్గాకే తెరుస్తున్నాం.

ఇంకా మిగిలినవి: పడమటి గోడ అలాగే 38లో ఉంది. డాబా మట్టం తొమ్మిది సెంటీమీటర్లు పెరగడంతో తూము దగ్గర వాలు తప్పింది, కడిగిన నీళ్లు ఒక మూల చేతిమందం నిలుస్తున్నాయి. వానలు మొదలయ్యేలోపు ఆ మూల చెక్కించాలి. మేస్త్రీ ఆదివారం వస్తానన్నాడు.