గేటుకి కట్టిన అట్ట

పదకొండున్నర దాటింది. రెండుసార్లు పడుకుని రెండుసార్లూ లేచాను, ఇక లాభం లేదని ఇలా కూర్చున్నా. హాల్లో లైటు వేస్తే అత్తయ్యకి మెలకువ వచ్చేస్తుంది, అందుకని చీకట్లోనే టైపు చేస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

పెద్ద విషయమేం కాదు. సాయంత్రం ఒక టు-లెట్ బోర్డు రాశాను. అంతే.

మా పోర్షన్‌కి కాదు, కంగారు పడకండి. పైదానికి. ఆఫీసు నుంచి వచ్చి ఇంకా చెప్పులు విప్పకముందే ఓనర్ అంకుల్ మెట్ల దగ్గర పట్టుకున్నారు. ఒక చేతిలో చొక్కా డబ్బా అట్ట, ఇంకో చేతిలో మార్కర్. "అమ్మా, నీ రైటింగ్ ముత్యాల్లెక్క ఉంటది. జర మంచిగ రాసియ్యి." పొగిడితే పడిపోతానని మా ఇంట్లోవాళ్ళకే తెలుసనుకున్నా, కిందింటి దాకా పాకిందన్నమాట. మెట్ల మీదే కూర్చుని, అట్ట మోకాళ్ళ మీద పెట్టుకుని రాసిచ్చా. టు లెట్. డబుల్ బెడ్‌రూమ్. మంజీరా నల్లా, బోరు నీళ్ళు రెండూ ఉన్నాయి. "ఇగ కింద ఓన్లీ ఫ్యామిలీస్ అని పెట్టు. నో బ్యాచిలర్స్, నో స్టూడెంట్స్. దాని కింద గీత కొట్టు" అన్నారు. కొట్టా. ఒకటి కాదు, రెండు కొట్టా. రెండోది ఆయన అడగలేదు.

రాత నిజంగానే బాగా కుదిరింది. ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నా.

పైన నలుగురు స్టూడెంట్లు. ఇదివరకు ఓసారి రాశాను, మా తులసికోట మీద లుంగీ పడేసిన బ్యాచ్. ఏడాదిగా వాళ్ళతో నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. మోటారు వేస్తారు, ఆపరు. ట్యాంకు పొంగి ఆ నీళ్ళన్నీ మా బాల్కనీలో వడియాల మీద. (మొత్తం అడిక్‌మెట్‌లో ఒకే వేసవిలో మూడుసార్లు వడియాలు పెట్టిన ఇల్లు మాదొక్కటే అయ్యుంటుంది.) పుట్టినరోజైతే సరిగ్గా పన్నెండింటికి మెట్ల మీద కేకు, మర్నాడు ఆ మెట్లు ఎవరు కడగాలని గొడవ. అన్నిటికన్నా బిర్యానీ. ఏ పదకొండింటికో ఆర్డర్ పెడతారు, తెచ్చినబ్బాయి రెండో అంతస్తు దాకా ఎక్కలేక మా బెల్ కొడతాడు. ఓ శుక్రవారం రాత్రి అత్తయ్య నిద్రమత్తులో తలుపు తీసి, కవరు అందుకుని, ఎవరో పెరుగు పంపించారనుకుని ఫ్రిజ్‌లో పెట్టేసి పడుకున్నారు. తెల్లారితే శనివారం. ఆవిడ ఉపవాసం, ఫ్రిజ్‌లో చికెన్ బిర్యానీ. రెండుసార్లు కడిగించారు నాచేత, రెండోసారి పసుపు నీళ్ళతో.

కాబట్టి వాళ్ళు పోతే నాకు హాయి. సాయంత్రం ఆరింటికి హాయిగానే ఉంది కూడా.

ఎందుకు పంపించేస్తున్నారని అంకుల్ని అడిగా. "11 నెలలు అయిపోయినయ్ కదమ్మా" అన్నారు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ గొడవ అని అందరూ 11 నెలలకే రాసుకుంటారు. ఆ లెక్కన మా అగ్రిమెంటు ముగిసి రెండేళ్ళు దాటింది, మమ్మల్నేం పొమ్మనలేదే? తర్వాత, స్టూడెంట్లంటే ఎప్పటికైనా తలనొప్పే అన్నారు. 2009 డిసెంబర్‌లో తెలంగాణ ఉద్యమం అప్పుడు ఉస్మానియా క్యాంపస్‌లో కొట్టిన టియర్ గ్యాస్‌కి ఆయన వంటింట్లో కళ్ళు మండిన కథ మళ్ళీ విన్నా. నాలుగోసారి.

అసలు సంగతి భోజనాల దగ్గర చిన్నోడు చెప్పాడు. వాడు రోజూ డాబా మీద వాళ్ళతోనే కదా క్రికెట్టు, అన్నీ తెలుసు వాడికి. ఆ కళ్ళజోడబ్బాయి గ్రూప్-2 కి చదువుతున్నాడు, పథకాలన్నీ బట్టీ. కిందటి నెల అద్దె ఇస్తూ, "అంకుల్, జలమండలోళ్ళు 2021 నుంచి నెలకు 20 వేల లీటర్ల దాకా ఫ్రీ ఇస్తున్నరు కదా, మరి మీరు వాటర్ అని 300 దేనికి రాస్తున్నరు?" అన్నాడట. అంతే. అట్ట వచ్చేసింది.

ఆ 300 నేనూ ఇస్తున్నా. మూడేళ్ళుగా. 10,800, ఇప్పుడే లెక్కేశా. చీటీ మీద 'వాటర్' అని చూస్తాను, ఫోన్‌పే చేస్తాను, చీటీ చింపేస్తాను. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరు చెప్పి అడ్వాన్సులో ఒక నెల కోసేస్తారనీ తెలుసు, దానికీ ఏమీ అనను. ముత్యాల్లాంటి రైటింగ్ అన్నది ఈ బాపతు మంచితనానికే అయ్యుంటుంది. సాయంత్రం శివం రోడ్డు మీద ఓసారి నడిస్తే తెలుస్తుంది ఈ ఏరియా ఎవరిదో. కర్రీ పాయింట్లు, జిరాక్సు షాపులు, ఏసీ రీడింగ్ రూములు, దోసె బళ్ళు. చిన్న కవర్లో పప్పు కట్టించుకుని పోయే ఈ పిల్లలే లేకపోతే సగం షట్టర్లు లేవవు. అంకుల్ ఇంటి మీద రెండంతస్తులు కూడా ఆ లెక్కనే లేచాయి.

2004 జూన్. ఉస్మానియాలో ఎంఏ సీటు వచ్చింది, హాస్టల్ రాలేదు. హాస్టల్లో ఎవరి గదిలోనో నాన్ బోర్డర్లుగా తలదాచుకుంటూ, నేనూ నా స్నేహితురాలు మంచిర్యాలదీ గది కోసం తిరిగాం. విద్యానగర్, రాంనగర్, నల్లకుంట, మళ్ళీ విద్యానగర్. తల పైకెత్తి గేట్లు చూసుకుంటూ నడవడమే పని. దానిది హిస్టరీ కదా, ప్రతి సందు చివరా ఒకటే పాట: "యూనివర్సిటీ 1918ల పెట్టిన్రు, ఆర్ట్స్ కాలేజీ బిల్డింగు 1939కి గాని కాలే. దానికే ఇరవై ఏండ్లు పట్టింది సొంతిల్లు, మనకు పది రోజుల్ల దొరుకుతదా?"

ఒకచోట దొరికింది. డాబా మీద రేకుల గది, పేరు మాత్రం పెంట్‌హౌస్. ఒకావిడ మంచినీళ్ళిచ్చి, పైకి తీసుకెళ్ళి చూపించింది. నల్లా రోజు విడిచి రోజు వస్తుందనీ, తొమ్మిదికల్లా గేటు వేసేస్తామనీ, తీగ మీద ఈ చివర మా బట్టలు ఆరేసుకోవచ్చనీ. తీగ దాకా వచ్చింది వ్యవహారం! దిగేటప్పుడు "మీరేమిట్లమ్మా?" అంది. నేను నసుగుతుండగానే మంచిర్యాలది తన కులం పేరు చెప్పేసింది, టైమెంతైందంటే చెప్పినంత మామూలుగా. ఆవిడ మిగతా మెట్లు దిగేలోపు వాళ్ళ బావగారబ్బాయి ఆ గదిలోకి వస్తానన్న సంగతి గుర్తొచ్చింది.

ఆ బావగారబ్బాయి వారమైనా రాలేదు. లైబ్రరీకి వెళ్తూ రోజూ చూసేవాళ్ళం, అట్ట అలాగే వేలాడుతుండేది. ఎనిమిదో రోజు రాత్రి మంచిర్యాలది నా కాటుక పెన్సిల్ అడిగి తీసుకుంది. మీకందరికీ తెలిసిన కొంటె పనే, టు కీ లెట్ కీ మధ్య ఇంగ్లీషు ఐ గీస్తే టాయిలెట్ అవుతుందే, అది. కానీ మధ్యలో అడ్డగీత ఉంది, ఇది చీకట్లో చూసుకోకుండా దాని మీద నిలువుగీత గీసింది. అదికాస్తా ప్లస్ అయింది. టు ప్లస్ లెట్. విద్యానగర్ స్టేషన్ దాకా పొట్ట పట్టుకుని నవ్వుతూ పరిగెత్తాం. మర్నాడు మళ్ళీ వెళ్ళి, గోరుతో ఆ అడ్డగీత గీకేసి, పద్ధతిగా ఐ పెట్టి వచ్చింది. అంత పట్టుదల.

ఈ కథ నేను చాలామందికి చెప్పాను, ఇక్కడిదాకా. చెప్పనిది ఒకటుంది. ఆ రోజు గేటు దాకా వచ్చాక ఆవిడ నన్నొక్కదాన్నే వెనక్కి పిలిచి, "నువ్వొక్కదానివే అయితే చూద్దాంలే అమ్మా" అంది. నేను కాదనలేదు. "చెబుతానండీ" అన్నాను. మంచిర్యాలది గేటు బయట వంగి చెప్పుకి పిన్నీసు పెట్టుకుంటోంది. విందో లేదో నేనెప్పుడూ అడగలేదు, తనూ ఎత్తలేదు. ఆ తర్వాత రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నాం, వేరేచోట. ఒకే పళ్ళెంలో తిన్నాం.

తొమ్మిదిన్నరకి స్టేటస్ ఎవరెవరు చూశారా అని చూస్తే దాని పేరుంది. చూసింది. మామూలుగా నేను ఉప్మా ఫోటో పెట్టినా "మాడినట్టున్నది" అని ఏదో ఒకటి అనకుండా ఉండదు. ఇవాళ ఏమీ లేదు. తీసేద్దామనుకున్నా, తీసేస్తే ఇంకా బాగోదు.

ఇప్పుడే పైన ఏదో దబ్బుమని పడింది. డంబెల్ అయ్యుంటుంది. సరిగ్గా నా మంచం మీద. పోనీ పాపం అనుకుందామనుకునే లోపే ఇలా చేస్తారు వీళ్ళు! రేపు పొద్దున అంకుల్‌తో మాట్లాడాలా అని గంట నుంచి ఆలోచిస్తున్నా. మాట్లాడితే ముందు నా 300 గురించి మాట్లాడాలి, తర్వాత మా 11 నెలల లెక్క బయటికొస్తుంది. చిన్నోడికి పదో తరగతి. ఈ ఏడాది ఇల్లు మారే ఓపిక నాకు లేదు.

ఇందాక ఫోటో మళ్ళీ పెద్దది చేసి చూశా. టు కీ లెట్ కీ మధ్య అడ్డగీత లేదు. ఎప్పుడూ పెట్టేదాన్నే, ఇవాళ మర్చిపోయినట్టున్నా. జాగా మాత్రం బాగానే వదిలాను, ఒక అక్షరం పడుతుంది. అట్ట గేటుకి బయటివైపే కట్టారు. పైవాళ్ళ దగ్గర మార్కర్ ఉండే ఉంటుంది, చదువుకునే పిల్లలు కదా.