ఒక్క దారానికి గుచ్చిన మాట

ఒక ఇంగ్లీషు కథ అనువదిస్తున్నాను. భర్త ఏదో నోరు జారతాడు. భార్య మారు మాట్లాడదు. తర్వాతి వాక్యం మూడే ముక్కలు: 'ఫైల్డ్ ఇట్ అవే'. 'దాన్ని ఫైల్లో పెట్టేసింది' అని రాసి ముందుకు వెళ్లిపోయాను. అనువాదం చదివిన స్నేహితురాలు అడిగింది, "అక్కడ కాగితమే లేదు కదా, ఏం పెట్టింది?"

నిజమే. దాచుకున్నది కాగితం కాదు, భర్త అన్న మాట. 'మనసులో పెట్టుకుంది' అని దిద్దాను. అదీ కుదరలేదు. తెలుగులో అలా అంటే కక్ష పెంచుకుందన్న ధ్వని వస్తుంది. ఇంగ్లీషు వాక్యంలో కోపం లేదు. ఎప్పుడైనా పనికొస్తుందని పక్కన పెట్టుకోవడం, అంతే. రెండు రోజులు ఆ ఒక్క వాక్యంతోనే గడిచాయి. చివరికి 'ఆ మాటను మనసులో ఓ మూల దాచి ఉంచింది' దగ్గర ఆగాను. ఇప్పటికీ అదే సరైనదని నా నమ్మకం.

అప్పటి నుంచి ఈ 'ఫైల్' అన్న మాట ఎక్కడ కనిపించినా ఒక చీటీ మీద రాసుకోవడం మొదలుపెట్టాను. కోర్టులో పిటిషన్, టాక్స్ రిటర్న్ అయితే తేలికే, 'దాఖలు చేయడం' ఉంది. విలేకరి వార్త 'ఫైల్' చేశాడంటే మాత్రం దాఖలు కాదు, వార్త రాసి డెస్క్‌కి పంపాడని. విడాకుల కోసం 'ఫైల్' చేసిందంటే కోర్టుకు వెళ్లిందని, విడాకులు వచ్చేశాయని కాదు. ఈ తేడా చూసుకోకపోతే కథే మారిపోతుంది. 'సర్క్యులర్ ఫైల్' అంటే చెత్తబుట్ట. జనం 'సింగిల్ ఫైల్'లో నడిచారంటే ఒకరి వెనక ఒకరు. చదరంగం బల్ల మీద నిలువు వరుసలు ఎనిమిదింటినీ 'ఫైల్స్' అనే అంటారు, అడ్డ వరుసలు 'ర్యాంక్స్'. సైనికులు నిలబడే వరుసలకూ ఇవే పేర్లు. మామూలు సిపాయిలను, ఆ పోలికతో ఏ సంస్థలోనైనా సాధారణ సభ్యులను, 'ర్యాంక్ అండ్ ఫైల్' అనడం అక్కడి నుంచి వచ్చిందే.

కాగితాలకూ నడిచే మనుషులకూ ఏం సంబంధం? నిఘంటువు తీస్తే తెలిసింది. లాటిన్‌లో 'ఫీలుమ్' అంటే దారం. పాతకాలంలో కాగితాలను దారానికో తీగకో గుచ్చి వరుసగా ఉంచేవారు. ఫ్రెంచి మీదుగా ఆ దారమే ఒకచోట కాగితాల కట్ట అయింది, ఇంకోచోట మనుషుల వరుస అయింది. అది చదివినప్పుడు ఒళ్లు పులకరించింది. మన తాళపత్రాలకూ రంధ్రం చేసి దారం గుచ్చేవారు కదా! 'సూత్రం' అంటే దారమే. 'గ్రంథం' అన్న మాట పుట్టింది కూడా కట్టడం, ముడివేయడం అనే అర్థమున్న ధాతువు నుంచే.

ఇనుమును, గోళ్లను అరగదీసే 'ఫైల్' కూడా ఈ కుటుంబమే అనుకుని చీటీ రాశాను. కాదట. అది పాత ఇంగ్లీషు నుంచి వచ్చిన వేరే మాట, పలకడం మాత్రం ఒకటే. మనకు దానికి 'ఆకురాయి' అని చక్కని పేరుంది. ఆ చీటీని కట్టలోంచి తీసి విడిగా పెట్టాను.