తాడు ముడి

ఈ మధ్య ఉదయం పొలానికి వెళ్ళేసరికి చెప్పులు తడిసిపోతున్నాయి. రాత్రి చినుకు పడింది లేదు, అదంతా మంచే. వానాకాలపు మబ్బులు తొలగిపోయాక ఆకాశం రాత్రంతా తేటగా ఉంటుంది కనుక నేల పగలు పుంజుకున్న వేడిని అడ్డు లేకుండా పైకి వదిలేస్తుంది. నేలను ఆనుకొని ఉన్న గాలి చల్లబడి, తనలోని తేమను ఇక మోయలేక గడ్డిపరకల మీద దించేస్తుంది. మబ్బు పట్టిన రాత్రి ఇంత మంచు పడదు. గట్టు మీద కంపకూ కంపకూ నడుమ సాలెగూళ్ళు ఎన్ని ఉన్నాయో ఈ రోజుల్లోనే తెలుస్తుంది. అవి ఏడాది పొడుగునా అక్కడ ఉండేవే, కాకపోతే మంచు బొట్లు కూర్చుని చూపిస్తే తప్ప మన కళ్ళకు ఆనవు.

మంచు ఆరేదాకా కొడవలి పట్టకూడదని నాన్న ఖచ్చితంగా చెప్పేవారు. తడిగా కోసి మోపు కడితే లోపల వేడి పుట్టి గడ్డి మాగిపోతుంది, గింజ రంగు మారుతుంది. అందుచేత శరదృతువులో పనులు ముంచుకొస్తున్నా సరే, పొద్దున ఒక రెండు గంటలు గట్టు మీద ఊరికే కూర్చోక తప్పదు. సేద్యంలో ఇంత గౌరవంగా దొరికే తీరిక మరొకటి లేదు. పాత సంగతులు గుర్తుకు వచ్చేదీ ఆ రెండు గంటల్లోనే.

శరత్తు అంటే ఆకులు రాలే కాలమని ఇప్పుడు చాలామంది రాస్తున్నారు. మన ఋతువుల లెక్కలో ఆకు రాలడం శిశిరానికి చెందింది. శరత్తుకు చెప్పేవి తేటపడిన నీళ్ళూ తెల్లని మబ్బులూ వెన్నెలా. అయితే ప్రపంచంలో చాలాచోట్ల ఈ రెండూ ఒకే కాలంలో కలిసి వస్తాయి కాబట్టి ఆ గొడవలోకి నేను దిగను. దక్షిణార్ధగోళంలో శరత్తు మార్చిలో మొదలవుతుందన్న సంగతి తలుచుకుంటే ఎవరి లెక్క వారిదే అనిపిస్తుంది. పొలం మూలన ఉన్న చెట్టు మాత్రం ఏ లెక్కా చూడకుండా పసుపు తిరుగుతోంది. ఆ పసుపు కొత్తగా పుట్టినది కాదట. పత్రహరితం కింద మొదటినుంచీ ఉన్నదే, పచ్చదనం విరిగిపోయాక బయటపడుతుంది. ఎరుపు వచ్చే చెట్లలో మాత్రం ఆ ఎరుపును ఆకు ఈ రోజుల్లోనే తయారు చేసుకుంటుంది. ఆకును వదిలే ముందు అందులోని నత్రజనినీ భాస్వరాన్నీ చెట్టు వీలైనంత వరకు వెనక్కి లాక్కుని కొమ్మల్లో దాచుకుంటుంది. మా నాయనమ్మ చేట దులిపినట్టు, ఒక్క గింజ కూడా మిగలనీయకుండా.

సెప్టెంబరు 22న గాని 23న గాని పగలూ రాత్రీ దాదాపు సమానమవుతాయి. పగలు మరీ తొందరగా తరిగిపోయేదీ ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న రోజుల్లోనే. చివరి మడి పూర్తికాకముందే చీకటి పడిపోయిందే అని ప్రతి ఏడూ కొత్తగా ఆశ్చర్యపోతాను. ఆ లోటును కొంత పూడ్చేది వెన్నెల. చంద్రుడు రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు గాని, ఈ తేదీకి దగ్గరగా వచ్చే పున్నమినాళ్ళలో ఆ ఆలస్యం తగ్గుతుంది. ఉత్తరానికి వెళ్ళేకొద్దీ మరీ తగ్గి, కొన్ని దేశాల్లో అరగంటకన్నా తక్కువే ఉంటుంది. అంటే వరుసగా నాలుగైదు రోజులు పొద్దు గుంకిన కాసేపటికే వెన్నెల వచ్చి కోతగాళ్ళ చేతికి అందుతుందన్నమాట. ఇంగ్లీషు రైతులు దాన్ని కోతల చందమామ అని పిలవడం ఊరికే కాదు.

ఇంత వెలుగు, ఇంత తేట ఉన్నా రైతు గుండె నిబ్బరంగా ఉండని కాలం ఇదే. ధాన్యం కోసినప్పుడు గింజలో నూటికి 20 నుంచి 25 పాళ్ళు తేమ ఉంటుంది. నిల్వ చేయాలంటే అది 14 పాళ్ళకో అంతకంటే తక్కువకో దిగాలి. ఆ తేడా ఆరేదాకా ఆరు నెలల కష్టమంతా కళ్ళంలో ఆకాశం కింద పరుచుకుని ఉంటుంది. ఆరని గింజ ఊపిరి తీస్తూనే ఉంటుంది, కుప్ప పోస్తే వేడెక్కుతుంది. మోచేతి దాకా చెయ్యి లోపలికి దోపి చూస్తే జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు ముట్టుకున్నట్టే ఉంటుంది. పైన వాన కూడా పడిందంటే మూడు నాలుగు రోజుల్లో తెల్లటి మొలకలు కనిపిస్తాయి.

పదిహేనేళ్ళ కిందట అటువంటి రోజుల్లోనే నాన్నను ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. కళ్ళంలో సుమారు ముప్పై బస్తాల ధాన్యం ఆరబోసి ఉంది. ఇంటికి తాళం వేసి అమ్మా నేనూ ఆసుపత్రికి వెళ్ళిపోయాము. మూడో రాత్రి పన్నెండు దాటాక కిటికీ రేకు మీద చినుకుల చప్పుడు మొదలైంది, చూస్తూండగానే పెద్ద వాన అయింది. నాన్న నిద్రలో ఉన్నారు. అమ్మ నావైపు ఒకసారి చూసి, ఆయన కాళ్ళ మీద దుప్పటి సర్దింది. ధాన్యం మాట ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు.

తెల్లవారుతుండగా మొదటి బండి పట్టుకుని వచ్చి, తోసేయవలసిన ధాన్యం ఎంత ఉంటుందా అని లెక్కలు వేసుకుంటూ కళ్ళం దాకా నడిచాను. ధాన్యమంతా నడుమకు గుంజి, గోపురంలా కుప్ప చేసి ఉంది. దాని మీద టార్పాలిన్ పట్టా, అంచుల వెంట జానెడుకొకటి చొప్పున రాళ్ళు. నీరు కుప్ప కిందికి రాకుండా చుట్టూ పారతో తీసిన కాలువ ఇంకా పారుతోంది. పట్టా మాది కాదు. గాలికి లేవకుండా పైనుంచి అడ్డంగా బిగించిన తాడూ మాది కాదు. ఆ తాడు కొనను గుంజకు కట్టిన తీరు చూడగానే ఎవరి పనో తెలిసిపోయింది. మా ఇంట్లో అందరమూ రెండు పేటల ముడి వేస్తాము, అది తడిస్తే పళ్ళతో లాగినా రాదు. ఇది అలాంటిది కాదు. రెండు చుట్లు తిప్పి, కొనను మడిచి చుట్టులోకి దోపిన ముడి. ఎంత బరువు పడ్డా నిలుస్తుంది, కొన పట్టుకుని ఒక్క గుంజు గుంజితే ఊడివస్తుంది. పక్క చేను బాబాయి తన దూడలను రోజూ కట్టేసేది ఆ ముడితోనే.

వెళ్ళి అడిగాను, "బాబాయ్, రాత్రి మా కుప్ప మీద పట్టా కప్పింది మీరేనా?" అని.

ఆయన పేడ ఎత్తుతున్నవారు ఎత్తుతూనే, "గాలికి ఎగిరొచ్చి పడిందేమోలేరా. నాన్నకెలా ఉంది?" అన్నారు.

నాలుగు రోజుల తరువాత ఏదో పనిమీద వాళ్ళ పశువుల కొట్టం వైపు వెళితే ఒక మూలన మొలకెత్తిన ధాన్యం రాశి కనిపించింది. ఆయన కళ్ళం పల్లపు వైపు ఉంటుంది. మాది కప్పి వచ్చాకే తనది చూసుకున్నారని అప్పుడు గాని నాకు తట్టలేదు. ఆ ధాన్యం సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. నేనూ అడగలేకపోయాను. ఎలా అడగాలో ఈనాటికీ నాకు తెలియదు.

చేసినవాడి చెయ్యి కనిపించకుండా చేసే ఈ పద్ధతి నాకు బొత్తిగా కొత్తది కాదు. నాయనమ్మ కోతల్లో చాలా దూబరా మనిషని పేరు పడింది. ఇంట్లో ఒక్క గింజ పారవేయనీయని మనిషి, చేలో మోపులు ఎత్తించేటప్పుడు మాత్రం వెన్నులు రాలిపోతున్నా పట్టించుకునేది కాదు. ఎవరైనా చెబితే "కళ్ళు ఆనడం లేదర్రా" అనేది. కోత అయిపోయిన మర్నాడు పరిగె ఏరుకోవడానికి వచ్చేవాళ్ళకు ఆ వెన్నులన్నీ దొరికేవి. అదే మనిషి దీపం కింద సూదిలో దారం ఎక్కించడం చూసి, ఆవిడ కళ్ళకు ఏమీ కాలేదని నాకు పదేళ్ళ వయసులో అర్థమైంది. పిలిచి గిద్దెడు కొలిచి పెడితే అది దానమవుతుంది, తీసుకున్నవాళ్ళు తల వంచుకోవాలి. చేలో ఏరుకుంటే అది వాళ్ళ నడుము నొప్పికి వచ్చిన కూలి. ఈ తేడా ఆవిడకు ఎవరు నేర్పారో మరి.

పరిగె చాలా దేశాల్లో ఉన్న సంగతే. ఫ్రెంచి చిత్రకారుడు మిల్లే 1857లో వేసిన చిత్రంలో ముగ్గురు స్త్రీలు కోసేసిన గోధుమచేలో వంగి వెన్నులు ఏరుతుంటారు. వాళ్ళ వెనక దూరంగా బంగారు కొండల్లాంటి కుప్పలు ఉంటాయి. అంతకు ముందే, 1788లో, ఇంగ్లండులోని ఒక న్యాయస్థానం పరిగె ఏరుకోవడం ఎవరికీ హక్కు కాదని తీర్పు చెప్పింది. చట్టం దృష్టిలో ఆ తీర్పు సబబే కావచ్చు, వాదించే తెలివితేటలు నాకు లేవు. నాయనమ్మకు ఆ తీర్పు చదివి వినిపించినా ఆవిడ అనే మాట మాత్రం తెలుసు, కళ్ళు ఆనడం లేదనే.

ఇంత తెలిసినవాణ్ణి నేనేం చేశానో కూడా చెప్పాలి. రెండేళ్ళ కిందట, సరిగ్గా ఇవే రోజుల్లో, సాయంత్రం పడమట నల్లగా మబ్బు పట్టింది. బాబాయి గడ్డివాము సగం వేసి ఉంది, పైకప్పు ఇంకా దిద్దలేదు. వాము నిండా వేసి పైన కొప్పులా వాలు తీస్తే నీరు జారిపోతుంది. సగంలో ఉన్న వాము మాత్రం నోరు తెరిచిన కుండలాంటిది. అదంతా నా కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. ఆయన చూసుకుంటారులే, కొడుకు ఉన్నాడు కదా అనుకున్నాను. ఆ కొడుకు పనికోసం వేరే ఊరు వెళ్ళి అప్పటికి నెల అయిందని నాకు తెలుసు, ఆ సంగతి ఆ క్షణంలో నాకు గుర్తుకు రాకపోవడం ఎంత సౌకర్యంగా ఉండిందో కూడా తెలుసు. వాన గంటన్నర కురిసింది. మర్నాడు ఆయన ఒక్కరే తడిసిన గడ్డిని పాయలు పాయలుగా విడదీసి ఎండకు వేస్తుంటే వెళ్ళి సాయం పట్టాను. "పర్వాలేదురా, మిగిలింది చాలు" అన్నారు. బూజు పట్టిన గడ్డిని పశువు ముట్టదని ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు ఆయనకు చేతులు వణుకుతున్నాయి. పోయిన వారం ఆయన ధాన్యం కళ్ళానికి చేరింది. సాయంత్రం గాలి మారగానే పట్టా, తాడూ తీసుకుని వెళ్ళాను. ఇంత చిన్న మబ్బుకు ఎందుకురా అన్నారు గాని ఆపలేదు. కుప్ప గుంజాను, కప్పాను, రాళ్ళు పెట్టాను, పార తీసి కాలువ కొట్టాను. తాడు దగ్గరికి వచ్చేసరికి నా వేళ్ళు అలవాటు కొద్దీ మా ఇంటి ముడే వేయబోయాయి. విప్పేసి, ఆయన ముడి వేద్దామని రెండు చుట్లు తిప్పాను, కొన నిలవలేదు.

"అటు కాదు, లోపలి చుట్టులోకి దోపు," అన్నారు బాబాయి నులకమంచం మీదనుంచి. "కొన మడిచి దోపాలి. మడవకపోతే అది మామూలు ముడే."

మూడోసారికి కుదిరింది. ఆయన మెల్లగా లేచి వచ్చి, కొన పట్టుకుని ఒక గుంజు గుంజారు. ముడి చప్పున ఊడిపోయింది. బాగానే వచ్చిందన్నారు. ఊడిన తాడును నా చేతికే ఇచ్చి వెళ్ళి మళ్ళీ మంచం మీద కూర్చున్నారు. చినుకులు మొదలయ్యేలోపు ఇంకోసారి కట్టాను.